సీరియల్ సెట్టుకు తెలివి ఎక్కడ పెట్టాలి?

ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ లైట్ల చుట్టూనే తిరిగాయి. పండగకి కొన్న సీరియల్ సెట్లు, ఫాల్స్ సీలింగ్‌లో దాక్కున్న స్ట్రిప్‌లు, రిమోట్ పోయిన రంగుల లైట్లు, వీటన్నిటినీ ఫోన్‌తో ఆడించాలని అందరికీ ఉంది. ఒక్క సంగతి ముందే చెప్పేస్తాను, ఎందుకంటే కింద చాలా జవాబుల్లో అదే తిరుగుతుంది. దండ నేరుగా గోడ కరెంటు తాగేదైతే దాని లోపల చెయ్యి పెట్టకండి, బయట నుంచి ఆన్, ఆఫ్ చేసుకోండి చాలు. మధ్యలో అడాప్టర్ ఉండి 5, 12 వోల్టులతో వెలిగేదైతే మాత్రం దాని పెట్టె మార్చి ఎంత తెలివైనా నేర్పొచ్చు.

ప్రశ్న: మా బాల్కనీ గ్రిల్లుకు నాలుగు సీరియల్ సెట్లు చుట్టి ఉన్నాయి. కార్తీకమాసం అంతా చీకటి పడగానే వెలగాలి, రాత్రి పదింటికి ఆరిపోవాలి. మా అబ్బాయేమో ఇవన్నీ పీకేసి స్మార్ట్ లైట్లు కొనాలంటున్నాడు. ఉన్నవాటినే ఫోన్‌తో వెలిగించలేమా? — ఒక గృహిణి, తెనాలి

భేషుగ్గా వెలిగించవచ్చు అమ్మా, మీ అబ్బాయి జేబుకి ఆ ఖర్చు అక్కర్లేదు. ఒక్క స్మార్ట్ ప్లగ్ కొనండి, అంటే వైఫైతో ఫోన్ మాట విని కరెంటు ఇచ్చి ఆపే ప్లగ్గు, 10 ఆంపులది. గోడ సాకెట్‌కి దాన్ని గుచ్చి, దానికి మీ ఎక్స్‌టెన్షన్ బాక్సు, ఆ బాక్సులో నాలుగు సెట్లు. ఎల్ఈడీ సీరియల్ సెట్లు నాలుగు కలిపినా మామూలుగా మీ సీలింగ్ ఫ్యాను తినేంత కరెంటు కూడా తినవు కాబట్టి లోడు గురించి దిగులు లేదు. ఒక సెట్టు పిన్ను వెనక ఇంకో సెట్టు పిన్ను, దాని వెనక మూడోది అని గొలుసులా గుచ్చడం మాత్రం మానండి, ఆ సన్న వైరు వేడెక్కేది అక్కడే.

కొనే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. సీరియల్ సెట్టు మొదట్లో ఆకుపచ్చదో తెల్లదో ఒక చిన్న డబ్బా ఉంటుంది కదా, నొక్కినకొద్దీ మిణుకుమనడం, పరిగెత్తడం, నిలకడగా వెలగడం అని రకరకాలుగా మారేది. దాన్ని నొక్కి మీకు నచ్చినదాని మీద ఆపి, ప్లగ్గు పీకి, పది సెకన్లు ఆగి మళ్ళీ పెట్టండి. ఆపిన చోటే మొదలైతే మీ అదృష్టం. మళ్ళీ మొదటి నుంచి గంతులేస్తే ఆ డబ్బాకి జ్ఞాపకం లేదన్నమాట, స్మార్ట్ ప్లగ్ పెట్టినా రోజూ సాయంత్రం అదే గంతు. అలాంటి సెట్టుని ఫోన్ నుంచి నిలకడగా వెలిగించే దారి లేదు, డబ్బా లేని సెట్టు కొనుక్కోవడమే సుఖం.

ఇక ప్లగ్గుని ఫోన్‌తో కలిపేటప్పుడు చాలామంది చిక్కుకునే చోటు ఒకటుంది. చాలా స్మార్ట్ ప్లగ్గులకి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే అర్థమవుతుంది. మీ ఫోన్ 5 గిగాహెర్ట్జ్ మీద ఉంటే యాప్ "వెతుకుతున్నాను, వెతుకుతున్నాను" అంటూ అరగంట తిప్పుతుంది. కలిపేంతసేపు ఫోన్‌ని రౌటర్‌లోని 2.4 పేరుకి మార్చుకోండి. ఆ తర్వాత మీ ఫోన్ ఎక్కడున్నా పర్లేదు.

టైము పెట్టేటప్పుడు "సాయంత్రం 6 గంటలు" అని పెట్టకండి. చాలా యాప్‌లలో సూర్యాస్తమయం అని ఒక ఎంపిక ఉంటుంది, అది పెట్టండి. నవంబరులో మీ వైపు ఐదున్నర దాటగానే మసక పడిపోతుంది, వేసవిలో అయితే ఆరున్నర దాటినా వెలుతురే. మీరు ఏమీ మార్చకుండానే అదే జరుపుకుంటుంది. ఆరిపోవడానికి మాత్రం 10 అని గడియారం టైమే.

ఇంకొకటి, ఇది నా మీదే జరిగింది. యాప్ సెట్టింగుల్లో "కరెంటు వచ్చాక ఏం చేయాలి" అన్న అర్థంతో ఒకటుంటుంది, ఆఫ్‌లో ఉండాలా, ఆన్ అవ్వాలా, ఇంతకుముందు ఎలా ఉందో అలాగే ఉండాలా అని. నేను చూసుకోలేదు, అది ఆన్ మీద ఉంది. రాత్రి రెండింటికి కరెంటు పోయి వచ్చింది. మేం నిద్రలో ఉన్నాం, మా ఇల్లు మాత్రం పెళ్ళివారిల్లులా వెలిగిపోతోంది, పైగా జ్ఞాపకం లేని డబ్బా కదా, గంతులు కూడా. ఎదురింటి పెద్దాయన పొద్దున్నే వచ్చి "రాత్రి ఏమన్నా శుభకార్యమా" అని అడిగాడు. మీరు దాన్ని "ఇంతకుముందులాగే" అన్నదాని మీద పెట్టుకోండి.

ప్రశ్న: నేను ఈసీఈ చదువుతున్నాను. సీరియల్ సెట్టు డబ్బా విప్పి, లోపలి బోర్డు తీసేసి, దాని బదులు ఈఎస్‌పీ32 పెడితే ఫోన్‌లోంచి ఒక్కో రంగునీ విడిగా ఆడించొచ్చు కదా? యూట్యూబ్‌లో చూశాను. — విద్యార్థి, వరంగల్

తమ్ముడూ, ఆ ఉత్సాహం బాగుంది, ఆ డబ్బా మాత్రం వదిలెయ్. విప్పితే ఏం కనిపిస్తుందో నేనే చెప్తాను, నీకు స్క్రూడ్రైవర్ పని తప్పుతుంది. బొటనవేలి గోరంత బోర్డు మీద నాలుగు డయోడ్లు, రెండు మూడు బుల్లి థైరిస్టర్లు (చిప్పు చెప్పినట్టు కరెంటుని వదిలి ఆపే స్విచ్చులనుకో), నల్లటి జిగురు బొట్టు కింద ఒక చిప్పు. ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. అంటే ఆ బోర్డు మీద ప్రతి చుక్కకీ గోడలోని 230 వోల్టులతో నేరుగా చుట్టరికం. నువ్వు తెచ్చే ఈఎస్‌పీ32, అదే వైఫై ఉన్న బుల్లి కంట్రోల్ బోర్డు, 3.3 వోల్టుల ప్రాణి. ఈ రెండింటినీ విడదీసి, వెలుతురుతో మాత్రమే కబురు దాటించే ఆప్టో కప్లర్ లేకుండా వైర్లు కలిపి, పైగా ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ కూడా తగిలించావంటే బోర్డు, ల్యాప్‌టాప్, నువ్వు, ముగ్గురూ ఒకే లైన్లో ఉంటారు.

సరే, ఆప్టో పెట్టి జాగ్రత్తగా చేస్తానంటావా? చేసినా వచ్చేది రెండు మూడు వరసలు విడివిడిగా వెలగడం, అంతే. సెట్టులో ఉన్న వరసలు అన్నే కాబట్టి. ఒక్కో బల్బు నీ మాట వినదు.

సిరీస్ అంటే, బల్బులన్నీ ఒకే వైరు మీద ఒకదాని వెనక ఒకటి ఉండి గోడ వోల్టుల్ని పంచుకోవడం అంటే, ఏమిటో పుస్తకంలో చదివి ఉంటావు, నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్నాను. చిన్నప్పుడు పాత ఫిలమెంట్ సెట్టులో ఆరు బల్బులు పాడైతే, వాటిని కత్తిరించి వైరు ముడేసి టేపు చుట్టేశాను. 50 బల్బుల వరసలో ఒక్కోదానికి 4.6 వోల్టులు పంచుకునేవి, 44 మిగిలేసరికి 5.2 అయింది. మొదటి రోజు "అబ్బ, ఎంత బాగా వెలుగుతోందో" అనుకున్నాం. నాలుగో రోజుకి ఒకటి మాడింది, దాన్నీ తీసేసి ముడేశాను, ఇక మిగతావి ఒకదాని వెనక ఒకటి వరస కట్టాయి. దండని పొట్టి చేస్తే మిగిలినవాటి మీద భారం పెరుగుతుంది, అంతే కథ.

నీకు నిజంగా ఒక్కో బల్బుని ఆడించాలని ఉంటే కింద డల్లాస్ ఆయనకి రాసిన జవాబు చదువు, అది నీకోసమే అనుకో.

ప్రశ్న: హాల్లో ఫాల్స్ సీలింగ్ చుట్టూ రంగుల స్ట్రిప్ వేయించాం. రిమోట్ పోయింది, ఇప్పుడు ఎప్పుడూ నీలం రంగులోనే వెలుగుతోంది. ఇంటీరియర్ వాళ్ళని అడిగితే మొత్తం మార్చాలన్నారు. నిజమేనా? — ఐటీ ఉద్యోగి, హైదరాబాద్

మొత్తం మార్చాలన్నవాళ్ళకి నిచ్చెన ఎక్కి చూసే ఓపిక లేదంతే. మీరు ఎక్కండి. మెయిన్ ఆఫ్ చేసి, స్ట్రిప్ ఎక్కడ మొదలవుతుందో అక్కడ చెయ్యి పెట్టి వెతకండి.

అక్కడ ఒక అడాప్టరో, చిల్లులున్న ఇనప పెట్టెలాంటి ఎస్ఎంపీఎస్సో (అడాప్టర్ చేసే పనే చేసే పెద్ద పవర్ సప్లై), దాని తర్వాత తెల్లటి బుల్లి డబ్బా, ఆ డబ్బా నుంచి స్ట్రిప్‌కి నాలుగు వైర్లు కనిపిస్తే మీ సమస్య పావుగంట పని. స్ట్రిప్ మీద అక్షరాలు చూడండి, 12 వీ లేదా 24 వీ, పక్కన ఆర్, జీ, బీ అని ఉంటుంది, అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం. నాలుగు వైర్లలో ఒకటి ప్లస్, మిగతా మూడూ మూడు రంగులు. మన రిమోట్ మాట వినేది ఆ తెల్ల డబ్బానే. దాన్ని తీసేసి, అదే వోల్టేజీకి పనిచేసే వైఫై ఆర్‌జీబీ కంట్రోలర్ పెడితే చాలు. స్ట్రిప్ అదే, ఎస్ఎంపీఎస్ అదే, సీలింగ్‌కి గీత కూడా పడదు. రంగులు తారుమారైతే, అంటే ఎరుపు నొక్కితే ఆకుపచ్చ వస్తే, ఆ రెండు వైర్లూ మార్చండి, ఏమీ కాలిపోదు.

కంట్రోలర్ కొనేముందు లెక్క చూసుకోవాలి. మీటరుకి 60 ఎల్ఈడీలున్న 5050 రకం స్ట్రిప్ మూడు రంగులూ నిండుగా వెలిగితే మీటరుకి దాదాపు 14.4 వాట్లు తీసుకుంటుంది. 5 మీటర్ల చుట్ట ఒకటి 72 వాట్లు, 12 వోల్టుల దగ్గర 6 ఆంపులు. హాలు చుట్టూ అంటే మీకు పదిహేను మీటర్లన్నా ఉంటుంది, అంటే 18 ఆంపులు. అంత కరెంటు ఒక బుల్లి కంట్రోలర్ గుండా పంపిస్తే అది వేడికి వంగిపోతుంది. అలాంటప్పుడు కంట్రోలర్ తర్వాత యాంప్లిఫయర్ అని దొరుకుతుంది, ప్రతి 5 మీటర్లకీ ఒకటి పెట్టి, దానికి విడిగా ఎస్ఎంపీఎస్ నుంచి కరెంటు లాగుతారు.

హాల్లో ఇప్పుడు ఒకసారి తెలుపు రంగు పెట్టి తల ఎత్తి చూస్తే ఇంకో విషయం తెలుస్తుంది. మొదట్లో తెల్లగా ఉన్నది చివరికి వెళ్ళేకొద్దీ గులాబీ, కాషాయం కలిసినట్టు అయిపోతుందా? స్ట్రిప్ పాడైందనుకుంటారు, కాదు. దారిలో వోల్టేజీ తగ్గిపోయి ముందుగా నీలం, ఆకుపచ్చ నీరసపడతాయి, ఎరుపు తక్కువ వోల్టేజీతో కూడా నెట్టుకొస్తుంది కాబట్టి అది పైకి తేలుతుంది. స్ట్రిప్ రెండో కొస నుంచి కూడా కరెంటు ఇస్తే తెలుపు మళ్ళీ తెలుపవుతుంది.

ఇక రెండో రకం. మన ఊళ్ళలో ఫాల్స్ సీలింగ్‌లో ఎక్కువగా పెట్టేది, మందపాటి పారదర్శకమైన ప్లాస్టిక్ తొడుగున్న రోలు, నేరుగా 230 వోల్టులది. దీనికి ఎస్ఎంపీఎస్ ఉండదు, ప్లగ్గు దగ్గర ఏసీని డీసీ చేసే, చిన్న కడ్డీలాంటి రెక్టిఫయర్ ఒకటే. మీది ఇదైతే పైన చెప్పినవేవీ పనికిరావు, 12 వోల్టుల కంట్రోలర్‌ని దీనికి తగిలిస్తే ఢామ్మంటుంది. స్మార్ట్ స్విచ్‌తో ఆన్, ఆఫ్ చేసుకోండి, రంగులు కావాలంటే ఆ రోలు తీసేసి 24 వోల్టుల స్ట్రిప్ వేయించుకోండి. మీది రంగుల స్ట్రిప్, పైగా రిమోట్‌తో వచ్చింది అంటున్నారు కాబట్టి మొదటి రకమే అయ్యుంటుందని నా ఊహ, కానీ నిచ్చెన ఎక్కకుండా నమ్మకండి.

ప్రశ్న: అమ్మానాన్నలకి ఇంట్లో అన్నీ స్మార్ట్ చేసి పెట్టాను. అమ్మ అలవాటు ప్రకారం గోడ స్విచ్ ఆపేస్తుంది, దాంతో నా ఫోన్‌లో "ఆఫ్‌లైన్" అని వస్తుంది. ఆవిడకి ఎలా చెప్పాలి? — విజయనగరం వాసి, ఉద్యోగం పుణేలో

ఆవిడకి చెప్పకండి, వైరింగ్‌కి చెప్పండి. నలభై ఏళ్ళుగా గదిలోంచి బయటికి వస్తూ స్విచ్ నొక్కే చెయ్యి మీ యాప్ కోసం మారదు, మారాల్సిన అవసరమూ లేదు. స్విచ్ బోర్డు వెనకాల పెట్టే చిన్న మాడ్యూల్ దొరుకుతుంది, అగ్గిపెట్టె సైజు. గోడ స్విచ్‌ని దాని ఎస్1, ఎస్2 అన్న రంధ్రాలకి కలుపుతారు. ఇక ఆ స్విచ్ కరెంటుని ఆపదు, మాడ్యూల్‌కి సంగతి చెప్తుంది, అంతే. అమ్మ నొక్కినా లైటు మారుతుంది, మీరు పుణే నుంచి నొక్కినా మారుతుంది, మాడ్యూల్‌కి ఎప్పుడూ కరెంటు ఉంటుంది.

ఇలాంటి చాలా మాడ్యూళ్ళకి న్యూట్రల్ వైరు కావాలి. కొన్ని దేశాల్లో స్విచ్ దగ్గర న్యూట్రల్ ఉండదని గింజుకుంటుంటారు, మనకి ఒక మేలు ఏమిటంటే చాలా బోర్డుల్లో స్విచ్చుల పక్కనే ప్లగ్గు సాకెట్ కూడా ఉంటుంది, దానికోసం న్యూట్రల్ ముందే వచ్చి ఉంటుంది. పని మాత్రం ఎలక్ట్రీషియన్ చేత చేయించండి, వీడియో కాల్‌లో నాన్నగారి చేత కాదు.

ప్రశ్న: భారత్ నుంచి సీరియల్ సెట్లు తెచ్చుకుని ఇక్కడ ఇంటి చూరుకి కట్టొచ్చా? దీపావళి నుంచి క్రిస్మస్ దాకా ఉంచేస్తాం, రంగులు ఫోన్‌లోంచి మార్చాలని ఉంది. — డల్లాస్ నుంచి ఒక పాఠకుడు

సూట్‌కేసులో ఆ చోటు ఆవకాయకి ఇవ్వండి. మన సెట్లు 230 వోల్టులవి, అక్కడ గోడలో 120. ఫిలమెంట్‌వి కునుకుతూ వెలుగుతాయి, ఎల్ఈడీవి అసలు కళ్ళు తెరవకపోవచ్చు.

మీరు అడిగినదానికి సరైనది పిక్సెల్ లైట్లు. ప్రతి బల్బులోనూ ఒక బుల్లి చిప్పు ఉంటుంది, డబ్ల్యూఎస్2811, డబ్ల్యూఎస్2812బీ అన్న పేర్లు వినే ఉంటారు. ఒకే డేటా వైరు మీద వరసగా కబురు వస్తుంటే, మొదటి బల్బు తన వంతు తీసుకుని మిగతాది ముందుకి పంపిస్తుంది, బంతి భోజనంలో పప్పు గిన్నె దాటించినట్టు. అందుకే వీటికి దిక్కు ఉంటుంది. స్ట్రిప్ మీద బాణం గుర్తు ఎటు చూస్తుందో కబురు అటే వెళ్ళాలి. తిరగేసి కట్టి, మెట్లు దిగి, స్విచ్ వేసి, ఒక్కటీ వెలగక మళ్ళీ మెట్లెక్కినవాళ్ళలో నేనూ ఒకడిని. చూరుకి బిగించకముందే నేల మీద పరిచి వెలిగించి చూడండి.

వీటిని నడపడానికి వైఫై ఉన్న ఈఎస్‌పీ32 బోర్డు, దాంట్లో డబ్ల్యూఎల్ఈడీ అన్న ఉచిత సాఫ్ట్‌వేర్. కంప్యూటర్‌కి యూఎస్‌బీతో తగిలించి బ్రౌజర్‌లోంచే ఎక్కించేయొచ్చు, ఒక్క లైను కోడు రాయక్కర్లేదు. ఇంటర్నెట్ పోయినా ఇంటి వైఫై ఉంటే చాలు నడుస్తుంది. దీపావళికి ఒక రంగుల వరస, క్రిస్మస్‌కి ఎరుపు ఆకుపచ్చ, మామూలు రోజుల్లో సన్నటి పసుపు అని దాచిపెట్టుకుని ఒక్క నొక్కుతో మార్చుకోవచ్చు. ఇంట్లోని స్మార్ట్ వస్తువులన్నిటినీ ఒకచోట నుంచి నడిపే హోం అసిస్టెంట్ సాఫ్ట్‌వేర్ వాడుతుంటే దానితో కూడా సులువుగా కలుస్తుంది.

కరెంటు లెక్క మాత్రం బద్ధకించకండి. డబ్ల్యూఎస్2812బీ ఒక్కోటి నిండు తెలుపులో 60 మిల్లీఆంపుల దాకా లాగుతుంది. 300 ఉంటే 18 ఆంపులు, 5 వోల్టుల దగ్గర 90 వాట్లు. సప్లై దానికన్నా ఓ ఇరవై శాతం పెద్దది తీసుకోండి. చూరంత పొడవుకి నేనైతే 12 వోల్టులవే కొంటాను, దారిలో ఒక వోల్టు పోతే 5 వోల్టులవాటికి అయిదోవంతు పోయినట్టు, 12 వాటికి పన్నెండో వంతే. డబ్ల్యూఎల్ఈడీలో కరెంటు పరిమితి అని ఉంటుంది, ఎక్కించిన కొత్తల్లో అది 850 మిల్లీఆంపుల దగ్గరే కట్టేసి ఉంటుంది. లైట్లు మసకగా ఉన్నాయని కంగారు పడి కొత్తవి ఆర్డర్ పెట్టకండి, మీ సప్లైకి తగ్గట్టు ఆ అంకె పెంచుకోండి. బోర్డు గ్రౌండూ (మైనస్ వైరు) లైట్ల గ్రౌండూ ఒకటిగా కలపడం మర్చిపోతే పిచ్చి పిచ్చిగా మెరుస్తాయి. బోర్డు 3.3 వోల్టులతో మాట్లాడుతుంది, లైట్లు 5 వోల్టుల మాట ఆశిస్తాయి, కాబట్టి డేటా వైరు మూరెడు కన్నా పొడవైతే మధ్యలో లెవెల్ షిఫ్టర్ చిప్పు పెట్టండి. బయటి ప్లగ్గు జీఎఫ్‌సీఐ ఉన్నదే, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసేదే అయ్యుండాలి, సప్లై నీళ్ళు తగలని పెట్టెలో ఉండాలి.

ప్రశ్న: రోజూ ఆరు గంటలు సీరియల్ సెట్లు వెలిగితే బిల్లు ఎంత పెరుగుతుంది? — రిటైర్డ్ ఉద్యోగి, కర్నూలు

అన్నీ కలిపి 20 వాట్లు అనుకుంటే, రోజుకి ఆరు గంటలు, నెలకి 3.6 యూనిట్లు. స్మార్ట్ ప్లగ్ తాను మేలుకుని ఉండటానికి ఓ వాట్ తీసుకున్నా నెలంతా కలిపి ముప్పావు యూనిట్ కన్నా ఎక్కువ కాదు.

ప్రశ్న: స్మార్ట్ ప్లగ్‌తో ఆపేశాక కూడా సీరియల్ సెట్టు సన్నగా, మిణుగురు పురుగుల్లా వెలుగుతూనే ఉంది. ప్లగ్ పాడైందా? — కిరాణా వ్యాపారి, నల్గొండ

ప్లగ్ బాగానే ఉండొచ్చు గానీ మీరు దీన్ని తేలిగ్గా తీసుకోకండి. చాలా స్మార్ట్ ప్లగ్గుల్లో రిలే, అంటే లోపల కరెంటుని కలిపి తెంచే స్విచ్, రెండు వైర్లలో ఒక్కదాన్నే తెంచుతుంది, ఫేజుని తెంచాలని దాని ఉద్దేశం. మన మూడు రంధ్రాల సాకెట్‌ని ఎదురుగా నిలబడి చూస్తే కుడివైపు ఫేజు, ఎడమవైపు న్యూట్రల్, పైన లావు రంధ్రం ఎర్త్ ఉండాలి. మీ ఇంట్లో వైర్లు బిగించినవాళ్ళు కుడి ఎడమలు మార్చేసి ఉంటే ప్లగ్ పాపం న్యూట్రల్‌ని తెంచి ఊరుకుంటుంది, దండ పొడవునా ఫేజు అలాగే నిలబడి ఉంటుంది. గోడకి, తడికి ఆ వైరు నుంచి కారే ఆ కాస్త కరెంటు చాలు ఎల్ఈడీలు మిణుకుమనడానికి. వైర్లు సరిగ్గానే ఉన్నా పొడవాటి లైనులో ఒక్కోసారి ఇలా కనిపిస్తుంది, అప్పుడు భయం లేదు. ఏది మీదో తెలియాలంటే స్మార్ట్ ప్లగ్ తీసేసి, సాకెట్ స్విచ్ వేసి, కాళ్ళకి చెప్పులేసుకుని టెస్టర్ పెట్టి చూడండి. కుడి రంధ్రంలో వెలిగితే సరే. ఎడమ రంధ్రంలో వెలిగితే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆ సాకెట్ విప్పించండి, అంతవరకు దండ ఆరిపోయినట్టు కనిపించినా దాన్ని ముట్టుకోవద్దు, షాపులో పిల్లల చేత అసలు సర్దించొద్దు.